మ్యూనిక్‌లో 31వ నంబరు ఇల్లు

"అన్నా, రూమ్ దొరికింది. బిర్యానీ వండుతున్నా, వచ్చెయ్."

2024 మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా కాలేజీ జూనియర్ ఫోన్. వాడు ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాడు. మ్యూనిక్‌లో స్టూడెంట్‌కి రూమ్ దొరకడమంటే సంక్రాంతికి తత్కాల్‌లో కన్ఫర్మ్ టికెట్ దొరికినట్టే. ఆరు నెలలు వాళ్ల రూమ్‌లో కొన్నాళ్లు, వీళ్ల రూమ్‌లో కొన్నాళ్లు నేల మీద పరుపు వేసుకుని నెట్టుకొచ్చాడు పాపం. ఎక్కడరా అంటే "ఒలింపిక్ విలేజ్" అన్నాడు. జోక్ అనుకున్నా.

జోక్ కాదు. యూ3 మెట్రో ఎక్కి ఒలింపియాత్సెంట్రుమ్ స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే చాలు. 1972 ఒలింపిక్స్‌లో మహిళా క్రీడాకారులు ఉన్న చోటే ఇప్పుడు స్టూడెంట్ల కాలనీ. వెయ్యికి పైగా బుల్లి బుల్లి రెండంతస్తుల ఇళ్లు, అగ్గిపెట్టెలు నిలబెట్టి పేర్చినట్టు. పాతవి పడగొట్టి 2010 నాటికి అదే పోలికతో మళ్లీ కట్టారట. ఎవరి ఇంటి గోడకి వాళ్లు నచ్చిన బొమ్మ వేసుకోవచ్చు. ఒక గోడ మీద తిమింగలం, ఇంకో గోడ మీద వీడియో గేమ్ హీరో. మావాడు ఏం వేయాలా అని ఆలోచిస్తున్నాడు. చార్మినార్ వెయ్యరా అన్నా. "అన్నీ అవే వేస్తారన్నా మనోళ్లు" అన్నాడు.

తిన్నాక అరగడానికి నడుద్దామని బయల్దేరాం. ఆ నడకే ఈ కథ.

నీలం పైపు వెంట

ఒలింపిక్ విలేజ్‌లో కార్లు కనపడవు. రోడ్లన్నీ కిందే, భూగర్భంలో. పైన మనుషులు, సైకిళ్లు, పిల్లలు, చెట్లు. తల మీదుగా లావుపాటి రంగు పైపులు పోతుంటాయి. ఒక్కో వీధికి ఒక్కో రంగు. భాష రాని క్రీడాకారుడు కూడా తన రంగు పైపు పట్టుకుని ఇంటికి చేరిపోవాలని 1972లోనే అలా ప్లాన్ చేశారు. యూఐ డిజైన్ అనే మాట మనకి తెలియక ముందే చేసిన యూఐ డిజైన్ అన్నమాట.

నీలం పైపు వెంట వెళ్తే కొనోలీ స్ట్రాసే వస్తుంది. 1896లో మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లో మొట్టమొదటి విజేతగా నిలిచిన అమెరికన్ ట్రిపుల్ జంపర్ జేమ్స్ కొనోలీ పేరు అది. మామూలు అపార్ట్‌మెంట్ వీధి. బాల్కనీల్లో పూలకుండీలు, ఎక్కడో కాఫీ వాసన. అలా నడుస్తూ 31వ నంబరు దగ్గర ఆగిపోయాం.

గోడ పక్కన ఒక రాతి ఫలకం. జర్మన్‌లోనూ హీబ్రూలోనూ పేర్లు. దాని మీద ఎవరో పెట్టి వెళ్లిన చిన్న చిన్న గులకరాళ్లు. యూదులు సమాధుల దగ్గర పూలకి బదులు రాళ్లు పెడతారని అప్పుడే తెలిసింది. మావాడికి ఆ వీధికి మారి రెండు వారాలైంది. రోజూ పాల ప్యాకెట్ కోసం ఇటుగానే వెళ్తున్నాడట. ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ రోజు ఏం జరిగిందంటే

1972 ఒలింపిక్స్ జర్మనీకి చాలా పెద్ద విషయం. అంతకుముందు ఆ దేశంలో జరిగిన వేసవి ఒలింపిక్స్ 1936 బెర్లిన్‌వి, అంటే హిట్లర్ కాలంవి. ఆ మచ్చ చెరిపేసుకోవాలి. అందుకే వీటికి 'ఉల్లాసంగా సాగే క్రీడలు' అని పేరు పెట్టుకున్నారు. ఎక్కడ చూసినా లేత రంగులు. సెక్యూరిటీ సిబ్బందికి లేత నీలం దుస్తులు, చేతిలో తుపాకీ లేదు. విలేజ్ చుట్టూ రెండు మీటర్ల కంచె, అంతే. రాత్రిళ్లు బయట తిరిగి ఆలస్యంగా వచ్చే ఆటగాళ్లు దాన్ని ఎక్కి దూకుతుంటే కాపలావాళ్లు చూసీచూడనట్టు వదిలేసేవాళ్లు.

సెప్టెంబర్ 5, తెల్లవారుజామున నాలుగు దాటింది. ట్రాక్‌సూట్లు వేసుకుని, భుజాన స్పోర్ట్స్ బ్యాగులు తగిలించుకుని ఎనిమిది మంది కంచె దగ్గరికి వచ్చారు. అప్పుడే తిరిగొస్తున్న వేరే దేశం ఆటగాళ్లు వీళ్లనీ ఆటగాళ్లే అనుకుని దూకడానికి సాయం చేశారు. బ్యాగుల్లో ఉన్నవి రైఫిళ్లు, గ్రెనేడ్లు. వాళ్లు 'బ్లాక్ సెప్టెంబర్' అనే పాలస్తీనా సాయుధ ముఠా మనుషులు. నేరుగా 31వ నంబరుకి వచ్చారు. అక్కడ ఇజ్రాయెల్ జట్టు ఉంది.

కుస్తీ రిఫరీ యోసెఫ్ గుట్‌ఫ్రాయిండ్‌కి తలుపు దగ్గర చప్పుడు వినపడింది. సందులోంచి తుపాకులు కనపడగానే అరిచి, తన భారీ శరీరాన్ని తలుపుకి అడ్డంపెట్టేశాడు. ఆ కొన్ని సెకన్లలో రూమ్మేట్ కిటికీ పగలగొట్టుకుని బయటపడ్డాడు. గుట్‌ఫ్రాయిండ్ బయటపడలేదు. ఎదురు తిరిగిన కుస్తీ కోచ్ మోషే వైన్‌బర్గ్, వెయిట్‌లిఫ్టర్ యోసెఫ్ రొమానో ఆ ఇంట్లోనే చనిపోయారు. మిగతా తొమ్మిది మంది బందీలయ్యారు. ముఠా డిమాండ్: ఇజ్రాయెల్ జైళ్లలో ఉన్న రెండొందల మందికి పైగా ఖైదీల్ని వదలాలి.

మధ్యాహ్నం గడిచాక పోలీసులు ట్రాక్‌సూట్లు వేసుకుని పైకప్పు ఎక్కారు, గాలిగొట్టాల్లోంచి దిగుదామని. ఆ ఎక్కడం మొత్తాన్ని టీవీ కెమెరాలు లైవ్‌లో చూపించాయి. విలేజ్‌లో ప్రతి గదిలోనూ టీవీ ఉంది, 31వ నంబరులో కూడా. ఆ ఇంటికి కరెంటు ఎవరూ తీసెయ్యలేదు. లోపలివాళ్లు అంతా చూస్తున్నారని తెలిశాక పోలీసులు దిగిపోయారు.

ఇది చదువుతుంటే నాకు మా హాల్లో టీవీ గుర్తొచ్చింది. 2008 నవంబర్, ముంబై దాడులు. నాకప్పుడు 12 ఏళ్లు. నారిమన్ హౌస్ పైకప్పు మీదికి హెలికాప్టర్ నుంచి మన కమాండోలు తాడు పట్టుకుని దిగుతుంటే ఇంటిల్లిపాదీ కళ్లార్పకుండా చూశాం. ఆ లైవ్ ఇంకెవరెవరు చూస్తున్నారో అప్పుడు ఆలోచించలేదు. తర్వాత 2012 తీర్పులో సుప్రీంకోర్టు ఆ ప్రసారాల్ని గట్టిగానే తప్పుపట్టింది. 36 ఏళ్ల ముందు ఇదే తప్పు, ఇదే వీధిలో జరిగిపోయి ఉంది!

ఐదా? ఎనిమిదా?

రాత్రి పదిన్నర ప్రాంతంలో బందీల్నీ ముఠానీ రెండు హెలికాప్టర్లలో ఫ్యుర్‌స్టెన్‌ఫెల్డ్‌బ్రుక్ వైమానిక స్థావరానికి తీసుకెళ్లారు. మ్యూనిక్‌కి పడమట పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. విమానం ఇస్తామని నమ్మించి, అక్కడ కాల్చాలని ప్లాన్.

పొద్దుట్నుంచీ పోలీసుల లెక్క ఏంటంటే, ముఠాలో ఉన్నది నలుగురో ఐదుగురో. అందుకే ఐదుగురు షూటర్లని పెట్టారు. హెలికాప్టర్ ఎక్కడానికి అందరూ బయటికి వచ్చినప్పుడు విలేజ్‌లో ఉన్నవాళ్లకి అసలు లెక్క తెలిసింది. ఎనిమిది.

ఆ అంకె స్థావరంలో పొంచి ఉన్న ఐదుగురు షూటర్లకి చేరలేదు.

వాళ్లకి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి రేడియోలు లేవు. తుపాకులకి రాత్రిపూట గురిచూసే పరికరాలు లేవు. అసలు వాళ్లు ప్రత్యేక శిక్షణ ఉన్న స్నైపర్లే కాదు. రన్‌వే మీద ఆపిన బోయింగ్ 727లో సిబ్బంది వేషంలో ఉండాల్సిన పోలీసులు, ఇది చావడానికి వెళ్లడమేనని తమలో తాము ఓటేసుకుని కొద్దిసేపటి ముందే దిగిపోయారు. సాయుధ వాహనాలు కావాలని ఆలస్యంగా గుర్తొచ్చింది. అవి బయల్దేరాక, ఏం జరుగుతోందో చూద్దామని కార్లేసుకుని వచ్చిన జనం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయి.

కాల్పులు అర్ధరాత్రి దాటేదాకా సాగాయి. తొమ్మిది మంది బందీలూ చనిపోయారు. ఆంటన్ ఫ్లీగర్‌బావర్ అనే జర్మన్ పోలీసు కూడా. ముఠాలో ఐదుగురు చనిపోయారు, ముగ్గురు దొరికారు. ఆ ముగ్గుర్నీ ఎనిమిది వారాలు తిరక్కుండానే ఒక విమానం హైజాక్ అయితే వదిలేయాల్సి వచ్చింది. అంతకన్నా ఘోరం, ఆ అర్ధరాత్రి 'బందీలంతా క్షేమం' అనే వార్త ప్రపంచమంతా పాకింది. ఇజ్రాయెల్‌లో ఒక పేపరు అలాగే అచ్చేసింది కూడా. వాళ్ల కుటుంబాలు సంబరపడి, మళ్లీ కొన్ని గంటల్లో నిజం విన్నాయి.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి నా బుర్ర అక్కడే ఆగిపోయింది. ఎనిమిది అనే అంకె ఒక చోట ఉంది. కావాల్సినవాళ్లు ఇంకో చోట ఉన్నారు. మధ్యలో తీగ లేదు. మా టీమ్‌లో ఒకసారి ఇలాగే అయింది. ఒక సర్వర్ నిండిపోతోందని అలర్ట్ వచ్చింది, సరిగ్గానే వచ్చింది. కాకపోతే ఆర్నెల్ల క్రితమే అందరూ చూడ్డం మానేసిన చాట్ గ్రూపులోకి వచ్చింది. మాకు పోయింది ఒక రాత్రి నిద్ర, కస్టమర్ తిట్లు. ఇక్కడ పోయినవి మనుషుల ప్రాణాలు. పోలిక చిన్నదే, కానీ తప్పు రూపం మాత్రం అదే.

ఎవరి పని ఇది?

తీగ ఎందుకు లేదు? జర్మనీ రాజ్యాంగం ప్రకారం పోలీసు రాష్ట్రాల పరిధి, మన దగ్గరలాగే. కాబట్టి బాధ్యత బవేరియా రాష్ట్రానిది. నిర్ణయాలు తీసుకున్న బృందంలో మ్యూనిక్ పోలీస్ చీఫ్ మాన్‌ఫ్రెడ్ ష్రైబర్, బవేరియా హోంమంత్రి బ్రూనో మెర్క్, కేంద్ర హోంమంత్రి హాన్స్ డీట్రిష్ గెన్షర్ ఉన్నారు. హెలికాప్టర్లు కేంద్ర సరిహద్దు దళానివి. స్థావరం వాయుసేనది. షూటర్లు రాష్ట్ర పోలీసులు. నాజీల అనుభవం తర్వాత సైన్యాన్ని దేశం లోపల పోలీసు పనికి దింపకూడదని రాసుకున్నారు, అది మంచి కారణమే. కానీ ఇలాంటి రోజుకి ఎవరు సిద్ధంగా ఉన్నారంటే, ఎవరూ లేరు.

హెచ్చరికలు రాలేదా అంటే వచ్చాయి. దాడికి మూడు వారాల ముందు బీరూట్‌లోని జర్మన్ రాయబార కార్యాలయం నుంచి, ఒలింపిక్స్‌లో ఏదో జరగబోతోందని కబురొచ్చింది. విదేశాంగ శాఖ దాన్ని బవేరియాకి పంపింది కూడా. పోలీసులతో పనిచేసిన గియోర్గ్ జీబర్ అనే మనస్తత్వ నిపుణుడు జరగగల ప్రమాదాలు 26 రాసిచ్చాడు. వాటిలో 21వది దాదాపు ఇదే కథ. సమాచారం ఉంది. దాన్ని పట్టించుకుంటే 'ఉల్లాసం' పాడవుతుందనే భయం కూడా ఉంది.

ఆ నెల తిరక్కుండానే, సెప్టెంబర్ 26న జీఎస్‌జీ-9 అనే ప్రత్యేక దళం పుట్టింది. దాన్ని తయారుచేసిన ఉల్‌రిష్ వెగెనర్ ఆ రాత్రి గెన్షర్ వెంట స్థావరంలోనే ఉండి అంతా కళ్లారా చూశాడు. 1977లో మొగదిషులో హైజాకైన విమానంలోని బందీల్ని ఆ దళమే విడిపించింది. 1984లో మన ఎన్‌ఎస్‌జీ పెట్టేటప్పుడు ముందు పెట్టుకున్న నమూనాల్లో అదీ ఒకటి. అయినా 2008లో ఎన్‌ఎస్‌జీ ఢిల్లీ నుంచి ముంబై చేరడానికి గంటలు పట్టింది. ఆ తర్వాతే, 2009లో హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు పెట్టారు. ప్రతి దేశమూ తన పాఠం తనే విడిగా ఫీజు కట్టి నేర్చుకుంటుందేమో.

జూన్‌లో అదే పార్కు

మేం ఆ వీధిలో నిలబడ్డ సమయానికి మ్యూనిక్ మరో పెద్ద టోర్నీకి సిద్ధమవుతోంది. యూరో 2024 ఫుట్‌బాల్. పది నగరాలు, 24 జట్లు, 51 మ్యాచ్‌లు. ఓపెనింగ్ మ్యాచ్ మ్యూనిక్‌లోనే. ఫ్యాన్ జోన్ ఎక్కడనుకున్నారు? ఒలింపిక్ పార్కులోనే, ఆ గాజు గుడారం లాంటి స్టేడియం పక్కన.

అమ్మ రోజూ వాట్సాప్‌లో ఒకటే మాట: "గుంపులోకి వెళ్లకురా." వెళ్లా. జూన్ 14 సాయంత్రం స్కాట్లాండ్ ఫ్యాన్స్ కిల్టులు వేసుకుని, బ్యాగ్‌పైపర్లు ఊదుకుంటూ ఊరంతా పండగ చేశారు. జర్మనీ 5-1తో గెలిచింది. ఓడినవాళ్లే ఎక్కువ పాటలు పాడారు.

ఈసారి నేను స్క్రీన్ కన్నా చుట్టుపక్కల ఎక్కువ చూశా. బ్యాగులు తెరిచి చూసేవాళ్లు, వాహనాలు దూసుకురాకుండా అడ్డంపెట్టిన బరువైన దిమ్మెలు. జర్మన్ పోలీసుల పక్కన వేరే దేశం యూనిఫాంలో ఇద్దరు. వాళ్లు అరెస్టులు చేయడానికి రాలేదు. తమ దేశం ఫ్యాన్స్‌లో ఎవరు ఉత్త అల్లరివాళ్లో, ఎవరు నిజంగా గొడవ పెట్టేవాళ్లో వాళ్లకి తెలుసు. ఒక్క మాట సొంత భాషలో, సొంత యాసలో అంటే సర్దుకునే గొడవకి లాఠీ దాకా పోనక్కర్లేదు కదా.

అసలు ఆట మాత్రం మ్యూనిక్‌కి చాలా దూరంలో, నోయిస్ అనే చిన్న ఊళ్లో నడిచింది. అక్కడ అంతర్జాతీయ పోలీసు సహకార కేంద్రం పెట్టారు. ఆడుతున్న దేశాల పోలీసు ప్రతినిధులు, యూరోపోల్, జర్మన్ కేంద్ర, రాష్ట్ర పోలీసులు పక్కపక్కనే కూర్చుని పనిచేశారు. ఒక దేశం నుంచి ఫ్యాన్స్ బస్సు బయల్దేరితే, అది చేరే నగరానికి ముందే తెలియాలి. యూరప్‌లో ప్రతి సభ్య దేశానికీ ఫుట్‌బాల్ సమాచారం కోసమే ఒక కేంద్రం ఉండాలని 2002లోనే నియమం పెట్టుకున్నారు. అంటే ఎవరికి ఫోన్ చేయాలో ముందే తెలుసు. 1972లో లేనిది ఇదే. తుపాకులు అప్పుడూ ఉన్నాయి.

రైల్లో మూడు నిమిషాలు

ఇక్కడితో ఆపితే మంచి కథే. కానీ ఇంకోటి చెప్పాలి.

టోర్నీ కోసం జర్మనీ జూన్ 7 నుంచి జూలై 19 వరకు అన్ని సరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది. ఆస్ట్రియా వైపు 2015 నుంచీ ఉన్నవే. ఒక ఆదివారం సాల్జ్‌బర్గ్ చూసి రైల్లో తిరిగొస్తున్నా. సరిహద్దు దాటగానే ఇద్దరు పోలీసులు ఎక్కారు. మా వరసలో ఆరుగురం ఉన్నాం. కార్డు అడిగింది ఇద్దర్ని. నన్నూ, ఎదురుగా కూర్చున్న ఒక అరబ్బు పెద్దాయన్నీ.

నా రెసిడెన్స్ కార్డు ఇంట్లో ఇంకో జాకెట్ జేబులో ఉంది. తప్పు నాదే. ఫోన్‌లో ఫొటో చూపించా. ఆ అమ్మాయి మర్యాదగానే నంబరు చేతిలోని పరికరంలో కొట్టింది. మూడు నిమిషాలు. మూడు నిమిషాలు పెట్టె మొత్తం నావైపే చూసినట్టనిపించింది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత "ఓకే, ఇకపై కార్డు దగ్గరుంచుకోండి" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆ పెద్దాయన నాకేసి చూసి భుజాలు ఎగరేశాడు. ఏం మాట్లాడుకోలేదు.

కోపం వచ్చింది. అదే సమయంలో ఇంకోటీ తట్టింది. ఆ మూడు నిమిషాల్లో నన్ను కాపాడింది కూడా అదే తీగ. ఒక చోట ఉన్న నా రికార్డు, రైల్లో నిలబడ్డ మనిషికి సరిగ్గా చేరింది. చేరకపోతే నేను తర్వాతి స్టేషన్‌లో దిగి గంటలు కూర్చునేవాణ్ని. శాఖలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మంచిదే, ఆ రాతి ఫలకం చూశాక కాదనలేను. కానీ వాళ్ల మాటల్లో ముందు ఎవరి ముఖం వస్తుందనేది ఎవరూ లెక్కపెట్టరు. ఆరుగురిలో ఇద్దరు. అది కూడా ఒక అంకే. అది కూడా ఎక్కడికో ఒక చోటికి చేరాలి.

ఇవన్నీ పాత ముచ్చట్లు కావు. 2024 అక్టోబర్‌లో మన దేశం 2036 ఒలింపిక్స్ అడుగుతూ లేఖ ఇచ్చింది. 2025 అక్టోబర్‌లో మ్యూనిక్ ప్రజలు మళ్లీ ఒలింపిక్స్‌కి పోటీపడదామా అంటే మూడింట రెండొంతుల మంది సరేనన్నారు. ఎవరికి వచ్చినా ఈ లెక్కలన్నీ మళ్లీ వేయాలి.

మీరు వెళ్తే

మ్యూనిక్ సెంట్రల్‌లో మరియన్‌ప్లాట్స్ నుంచి యూ3 ఎక్కండి, ఒలింపియాత్సెంట్రుమ్‌లో దిగండి. ఒక వైపు బీఎండబ్ల్యూ మ్యూజియం, జనమంతా అటే పోతారు. మీరు ఇటు రండి. ముందు స్టూడెంట్ల రంగుల ఇళ్లు, తర్వాత నీలం పైపు వెంట 31వ నంబరు. అది ఇప్పుడూ మనుషులు ఉంటున్న చోటు, కాబట్టి గట్టిగా మాట్లాడకండి, కిటికీల్లోకి ఫోన్ పెట్టకండి.

అక్కణ్నుంచి స్టేడియం వైపు వస్తే చిన్న మట్టిదిబ్బని కోసినట్టు ఒక స్మారకం ఉంటుంది. 2017లో తెరిచారు. టికెట్ లేదు. చనిపోయిన 12 మంది ఫొటోలు, ఒక్కొక్కరి కథ. ఎదుట తెర మీద ఆనాటి వార్తలు తిరుగుతూ ఉంటాయి. సాయంత్రం వెళితే బాగుంటుంది. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన ఇళ్ల రాళ్లతో పోసిన ఒలింపిక్ గుట్ట ఎక్కండి. ఊరంతా కనపడుతుంది, గాలి స్పష్టంగా ఉంటే ఆల్ప్స్ కూడా.

మా జూనియర్ చివరికి గోడ మీద బొమ్మ వేశాడు. చార్మినార్ కాదు. నీలం పైపు ఒకటి, తలుపు దాకా.